తిమ్మరాజు చెవులు తెరుచుకున్న వైనం

ధర్మవరం పట్టణ చరిత్రలో 2003వ సంవత్సరానికి తగిన స్థానం దక్కలేదు. ఆ ఏడే పట్టుచీరల వ్యాపారి తిమ్మరాజు చెవులు తెరుచుకున్నాయి. అంతకుముందు నలభై ఆరేళ్లు ఆయన ఆ చెవులతోనే వినేవాడు గానీ, అది వినడం కిందికి రాదని తర్వాత తేలింది.

తేల్చినవాడు హిందూపురంలో పాటల పెట్టెలు అమ్మే జగదీష్. తిమ్మరాజు ఇంట్లో పెద్ద స్టీరియో సెట్టు బిగించడానికి వచ్చి, దాని వెనక వేలాడుతున్న మామూలు వైరును చూసి నాలుక చప్పరించాడు.

"ఏమప్పా, మేలుజాతి ఆవును కొని చిల్లుచెంబులోకి పాలు పిండుతాండావే!"

ఆ మాట తిమ్మరాజుకు గుచ్చుకుంది. వారం తిరక్కుండా కొత్త వైరు దిగింది. రెండు బారల పొడవు, బొటనవేలంత లావు, నీలం వెల్వెట్ పెట్టె, లోపలిది స్వచ్ఛమైన వెండి తీగ అని ముద్ర వేసిన హామీపత్రం. ధర పద్దెనిమిది వేలు. "దుడ్ల మొగం చూడగాకప్పా, పాట మొగం చూడు" అన్నాడు జగదీష్.

వైరుకు కొన్ని మర్యాదలున్నాయి. అది నేలను తాకరాదు. కాబట్టి నాలుగు చందనపు పీటల మీద పడుకుంది. పాట దానిలో ఒక దిక్కుకే పారుతుంది. తిరగేసి బిగిస్తే గాయకుడికి జలుబు చేస్తుంది. మొదటి రెండు వందల గంటలు దాన్ని పదును పెట్టాలి కనుక ఎనిమిది రోజులకు పైగా సెట్టు రాత్రింబవళ్లు పాడింది. వైరును దాటరాదు కనుక తిమ్మరాజు భార్య నాగరత్నమ్మ వంటింట్లోంచి దేవుడి గదికి వీధి చుట్టి పోయింది. "ఇరవై ఏండ్ల కాపురంలో నాకొక పీట వెయ్యలేదు ఈయప్ప" అని మాత్రం అంది.

ఫలితం అమోఘం. తబలా వాయించేవాడి వేలికి ఉంగరం ఉందని తిమ్మరాజు కనిపెట్టాడు. గాయనికి ఎడమవైపు ఒక పన్ను పుచ్చిందని, వినడానికి వచ్చిన పళ్ల డాక్టరు తేల్చాడు. పెనుకొండ రిటైర్డు హెడ్మాస్టరు వెంకటప్ప ఇంకో మెట్టెక్కి, వయొలిన్ విద్వాంసుడు ఆ పూట బొరుగుల ఉగ్గాని తిన్నాడన్నాడు. బజ్జీ సంగతి మాత్రం రూఢిగా చెప్పలేనన్నాడు. ఏమీ వినపడనివాళ్లు ఉండే ఉంటారు గానీ, ఆ సంగతి చెప్పుకునేంత వెర్రివాళ్లు ఊళ్లో లేరు.

ఆ విధంగా శ్రవణ రసజ్ఞ సంఘం ఏర్పడి, తిమ్మరాజు అధ్యక్షుడయ్యాడు. పుట్టి బుద్ధెరిగాక నలుగురు తన సరుకును కాక తనను మెచ్చుకోవడం ఆయనకదే మొదలు. నిజం చెప్పాలంటే పాటకంటే ఆ మెప్పుకే ఆయన కళ్లు చెమర్చేవి.

అందులో పుల్ల వేసినవాడు చెన్నప్ప. తిమ్మరాజు వెనకింట్లో ఆయన కొట్టుకే మగ్గం నేస్తాడు. పక్క మగ్గం మీద పోగు తెగితే తల తిప్పకుండా చప్పుడును బట్టే చెప్పేస్తాడు. "రెండు వైర్లూ ఒగటే మాదిరి పాడతాండాయి కదన్నా" అన్నాడు.

సంఘం ఆగ్రహించి ఆదివారం పరీక్ష పెట్టింది. తెర వెనక చెన్నప్ప తన ఇష్టం వచ్చినట్టు వైర్లు మారుస్తాడు. ఇవతల కూర్చున్న తిమ్మరాజు పాడుతున్నది ఏ వైరో చెప్పాలి. తప్పితే అధ్యక్ష పదవికి రాజీనామా.

తెరగా పట్టుచీర కట్టారు. ముందు వరుసలో జగదీష్ కూర్చున్నాడు, పక్కన ఆయన భార్య అమృత నిరుడు తిమ్మరాజు కొట్లో కొన్న అసలు జరీ చీరతో కూర్చుంది. పదిసార్లు పాట వేశారు. తిమ్మరాజు కళ్లు మూసుకుని ఆరుసార్లు కొత్తదన్నాడు, నాలుగుసార్లు పాతదన్నాడు. కొత్తదన్న ప్రతిసారీ సభకు ఒళ్లు పులకరించింది. పాతదన్నప్పుడు ఒకాయన చెవుల్లో దూది పెట్టుకున్నాడు.

"అన్నా, రవ్వంత ఈడికి రా" అని చెన్నప్ప తెర వెనక్కి పిలిచాడు. కొత్త వైరు కొన ఊడి అతని చేతిలో ఉంది. "మొదుట పెరికినప్పుడే ఊడొచ్చె. పదిసార్లూ పాతదే పాడింది."

తిమ్మరాజు చెయ్యి అలవాటు చొప్పున జేబులోని గీటురాయిని తీసి, జరీని రుద్దినట్టు తీగ కొనను రుద్దింది. వెండికి తెల్లగీత పడాలి. ఎర్రగా పడింది.

"పైన ఎండి పూత, లోపల రాగి" అన్నాడు చెన్నప్ప నెమ్మదిగా. "మన కొట్లో అసలు జరీ బీరువాలో ఉండే సరుకే కదన్నా."

తిమ్మరాజుకు అరికాలి మంట నెత్తికెక్కింది. పదవి పోతే పోనీ, దొంగను నలుగురిలో నిలబెట్టాలని ఒక్క ఉదుటున వచ్చి మైకు అందుకున్నాడు.

"సోదరులారా! ఈ జగదీష్ ఎట్లాంటోడంటే..."

ముందు వరుసలో అమృత కొంగు అంచు నిమురుకుంటూ పక్కావిడతో చెబుతోంది. "అసలు జరీ అంటే చేతికే తెలుస్తాదక్కా. చూడు, దీని మెరుపే వేరే!"

ఆ మెరుపు ఏ రాయి మీద ఏ రంగు గీస్తుందో తిమ్మరాజుకు తెలుసు. ఆయన గొంతు సవరించుకున్నాడు.

"...ఎట్లాంటోడంటే, ఈ కరువుసీమ చెవులకు గంగను తెచ్చిన భగీరథుడు! పదికి పదీ సరిపోయినాయి!"

చప్పట్లతో పైకప్పు అదిరింది. జగదీష్‌కు శాలువా కప్పారు. "మీ వ్యాపారమైనా మా వ్యాపారమైనా నమ్మకం మీదే కదన్నా నడిచేది" అని ఆయన గద్గదస్వరంతో బదులు చెప్పాడు.

సోమవారం చెన్నప్పను సంఘం ఖర్చుతో చెవుల డాక్టరుకు చూపించారు. డాక్టరూ సంఘ సభ్యుడే. మగ్గం చప్పుడుకు చెవులు మొద్దుబారాయని రాసిచ్చాడు.

ఇది చదివి నవ్వుకుంటున్న వారికి ఒక మనవి. మీ బీరువాలో అసలు జరీ పెళ్లిచీర ఉండే ఉంటుంది. గీటురాయి మా దగ్గర ఉంది, కబురు పెడితే ఉచితంగా పంపుతాం. ఇరవై ఏళ్లుగా ఇదే మాట చెబుతున్నాం. ఇంతవరకూ ఒక్క ఇంటి నుంచీ కబురు రాలేదు.