మా గుమ్మం ముందు మెట్రో

వన్ టౌన్‌కి మెట్రో రైలు రావడం ఖాయమని, ఈసారి ఆ మాట రాతి మీద చెక్కించి మరీ చెబుతున్నామని మంత్రి బసవపున్నయ్యగారు జ్యేష్ఠమాసంలో ఒక శుభముహూర్తాన మా మగ్గాల వీధిలో ప్రకటించారు. ప్రకటించి, కొబ్బరికాయ కొట్టి, శిలాఫలకం మీది తెర లాగారు. ఆ తెర నా దుకాణంలో కొన్న సాటిన్ గుడ్డ. లైనింగులూ ఫాల్సులూ అమ్ముకునే నాబోటివాడికి రాష్ట్రాభివృద్ధిలో పాలుపంచుకునే భాగ్యం నాలుగోసారి దక్కింది. నాలుగోసారి అని ఎందుకంటున్నానంటే, అది నాలుగో రాయి.

మొదటి మూడూ కూడా అక్కడే ఉన్నాయి, శివపార్వతమ్మగారి గుమ్మం పక్కన. ఆవిడది చీరల హోల్‌సేల్ వ్యాపారం. పెడనలో, మంగళగిరిలో నేసిన చీరలు మూటలుగా ఆవిడ హాల్లోకి వచ్చి, అక్కణ్ణించి ఊళ్ళకు వెళతాయి. ఆ ఇంటి వీధి గదిలో నేను అద్దెకుండి దుకాణం నడుపుకుంటున్నాను. ఆవిణ్ణి పిన్నిగారూ అంటాను. మూడు సందులు కలిసే చోటు కాబట్టి ఫొటో బాగా వస్తుందని ఏ ప్రభుత్వమైనా ఆ గుమ్మం ముందే రాయి వేస్తుంది.

మా వీధి చరిత్ర తెలుసుకోవాలంటే ఆ రాళ్ళు చదవాలి. చదవడానికి వీల్లేదు, ఎందుకంటే కొత్త ప్రభుత్వం రాగానే పాత రాయి మీది పేర్లకు సిమెంటు పూయడం మన దగ్గర ఆనవాయితీ. నాలుగో రాయి వేసేముందు కూడా మంత్రిగారు ఆ పని తిరుపతిరావుకు అప్పగించారు. తిరుపతిరావు మా వీధి ఇన్‌చార్జి. పార్టీలు మారుతూ ఉంటాయి, ఇన్‌చార్జి మాత్రం ఆయనే. రాళ్ళు చెక్కేది హనుమాన్ జంక్షన్‌లో ఆయన బావమరిది.

"సార్, రెండో రాయి మీద సిమెంటు కాస్త ఊడింది. మళ్ళీ పూయించాలి. కానీ దాని మీద ఉన్నది మీ పేరే సార్," అన్నాడు తిరుపతిరావు, గొంతు తగ్గించి.

"అప్పుడు నేను ఏ పార్టీలో ఉన్నాను?"

"ఆ పార్టీలో సార్."

"అయితే పుయ్యి. ప్రజల్ని మోసం చేసినవాడు ఎవడైనా నేను క్షమించను," అన్నారు మంత్రిగారు. అంత నిష్పాక్షికత నేనెక్కడా చూడలేదు.

ఇక శివపార్వతమ్మగారి సంగతి. ఆ ఇల్లు ఆవిడ మామగారు కట్టించి తొంభై ఏళ్ళయింది. టేకు దూలాల మీద ఇటుకా గచ్చూ వేసిన మిద్దె. నాలుగేళ్ళుగా కారుతోంది. చినుకు పడితే హాల్లో పదకొండు చోట్ల గిన్నెలు పెడతారు. ఇప్పుడు శ్రావణం సరుకూ దసరా సరుకూ కలిసి వచ్చి హాలంతా మూటలే. ఇరవై మగ్గాల మూడు నెలల పని. తడిస్తే రంగు దిగుతుంది, రంగు దిగిన చీర ఎవరూ కొనరు. పాత కప్పు తీసేసి స్లాబు వేయించుకోవాలి, అంతే ఆవిడ కోరిక. పర్మిషన్ కోసం నన్ను తోడు తీసుకుని సత్వర రవాణా ప్రగతి కార్యాలయానికి వెళ్ళారు. అక్కడ ప్లానింగ్ ఆఫీసర్ ఉమామహేశ్‌గారు లేచి నిలబడి నమస్కారం పెట్టి, కుర్చీ వేయించి, కుదరదన్నారు.

"మీది మెట్రో ప్రభావిత ప్రాంతమండీ. కొత్త స్లాబులు వేయనివ్వకూడదు. రేపు మెట్రో వస్తే పడగొట్టాల్సి రావచ్చు."

"అయితే ఆ మెట్రో ఏదో తొందరగా వెయ్యండి నాయనా. ఆ గొడవేదో తేలిపోతుంది."

"మెట్రో రావాలంటే డెన్సిటీ ఉండాలండి. ఎకరానికి ఆరొందల మంది. మీ వీధి లెక్కేస్తే మూడొందల పది మందే తేలారు."

"పైన అంతస్తులు వేసుకోనిస్తే గదా మనుషులుండేది?"

"అంతస్తులు వేసుకోవాలంటే మెట్రో రావాలండి."

"మెట్రో రావాలంటే?"

"డెన్సిటీ అండి."

ఇలా మూడుసార్లు తిరిగారు. ఉమామహేశ్‌గారు ఒక్కసారి కూడా విసుక్కోలేదు. పిన్నిగారే పట్టు మార్చారు.

"పోనీ, మెట్రో రాదని ఓ కాగితం రాసివ్వండి."

"రాదని ఎట్టా రాస్తామండీ? నాలుగు శంకుస్థాపనలయ్యాక! ఆర్నెల్లకోసారి నేనే వచ్చి చూసి రిజిస్టర్లో ఎక్కిస్తన్నాను గదా, 'రాళ్ళు ఉన్నవి, ప్రాజెక్టు పురోగతిలో ఉన్నది' అని."

"రాళ్ళు లేకపోతే?"

ఉమామహేశ్‌గారు పెన్నుకు మూత పెట్టి ఆలోచించారు. "రాళ్ళు లేకపోతే ప్రాజెక్టు లేదండి. అప్పుడు మీ ఇల్లు మీ ఇష్టం."

పిన్నిగారు ఇంటికొచ్చి చెప్పులు విప్పకుండానే ముఠామేస్త్రీ బెన్నీని పిలిపించారు. రెండు క్వింటాళ్ళ మూటలు వీపు మీద మోసే మనిషి. రాళ్ళు చూపించి, రిక్షా బండి మీద వేసి కాలవ గట్టున దింపి రమ్మన్నారు. బెన్నీ వంగి చూసి, నిటారుగా నిలబడ్డాడు.

"పసుపు రాసున్నారమ్మా. కుంకుం కూడా పెట్టారు. నేనైతే ఆదివారం చర్చికి పోయేవోణ్ణేగానీ, పూజ చేసిన రాయి జోలికి మాత్రం రాను. మావోళ్ళు ఒక్కడు కూడా చెయ్యి వెయ్యడు. మీరే అయ్యగారిని అడగండి."

అయ్యగారంటే పురోహితులు సత్యంగారు. నాలుగు భూమిపూజలూ ఆయనే చేయించారు. పిన్నిగారు అడగ్గానే ఆయనకు ఇందులో చిక్కేమీ కనబడలేదు.

"రమ్మని పిలిచింది నేనేగా. వెళ్ళి రమ్మని చెప్పాల్సిందీ నేనే. చవితినాడు వినాయకుడికి చెప్పట్లా? ఉద్వాసన చెప్పి కాస్త అటు కదిపితే, ఆ తర్వాత అది ఒట్టి రాయేనమ్మా. బెన్నీయే కాదు, ఎవరైనా ఎత్తుకుపోవచ్చు."

శుక్రవారం పొద్దున్నే ముహూర్తం. సత్యంగారు రాళ్ళకు నీళ్ళు పోసి, మళ్ళీ పసుపు రాసి, ఒక్కో రాయికీ ఒక్కో కొబ్బరికాయ పెట్టారు. బెన్నీ మనుషులు రిక్షా బండితో సందు మొదట్లో కాచుకుని ఉన్నారు. మొదటి కాయ చప్పుడుకే ఎదురింటి ఆవిడ కర్పూరం పట్టుకొచ్చింది. రెండో కాయకు పక్క వీధి నుంచి పదిమంది వచ్చారు. ఎవరి పూజ అని ఎవరో అడిగారు. మెట్రో అని ఎవరో చెప్పారు. ఆ మాట రథం సెంటర్ చేరేసరికి మా వీధిలో మెట్రాలమ్మ వెలిసిందని స్థిరపడింది. ఎనిమిదింటికల్లా మూడు సందుల్లోనూ క్యూలు కట్టారు. సత్యంగారు ఉద్వాసన మంత్రం చదవబోతే, "పూజ మధ్యలో ఆపుతారేంటండీ, మా నంబరు రాలా ఇంకా!" అని ఆడవాళ్ళు గట్టిగా కోప్పడ్డారు. బండి సందులోకి రావడానికి దారి లేదు. ఒక పూలమ్మే ఆవిడ బెన్నీ బండి మీదే అంగడి పెట్టేసింది.

తిరుపతిరావు ఇదంతా వీడియో తీసి మంత్రిగారికి పంపాడు. పదకొండింటికి మంత్రిగారు స్వయంగా వచ్చారు. ఆ జనాన్ని చూసి ఆయన కళ్ళు చెమర్చాయి. నాకు కూడా ఏడుపొచ్చింది, కారణం వేరు.

"మెట్రో వచ్చాక ఎక్కిన ప్రజలు ప్రపంచంలో చాలాచోట్ల ఉన్నారు," అన్నారు మంత్రిగారు మైకులో. "రాకముందే మొక్కిన ప్రజలు ఒక్క వన్ టౌన్‌లోనే ఉన్నారు! ఈ నాలుగు రాళ్ళూ ఇకనుంచి చారిత్రక శిలాసమూహం. వీటి మీద వానచినుకు పడటానికి వీల్లేదు."

పదకొండు రోజుల్లో రాళ్ళకు స్లాబు పడింది. నాలుగు పిల్లర్లు, చుట్టూ ఇనప గ్రిల్లు, దానికో తాళం. తాళంచెవి తిరుపతిరావు మొలతాడుకు. పిన్నిగారి ఇంట్లో పదకొండు గిన్నెలు పదిహేడయ్యాయి, గిన్నెలు సరిపోక ఒక చోట పాత కుక్కరు పెట్టారు.

మళ్ళీ ఆఫీసుకు వెళ్ళాం. మళ్ళీ నమస్కారం, కుర్చీ.

"ఇప్పుడింకా కష్టమండీ. మీది చారిత్రక ప్రాంతం కూడా అయింది. రాళ్ళ చుట్టుపక్కల ఏదీ కదపకూడదు."

"ఆ రాళ్ళలో పెద్దదానికి పన్నెండేళ్ళు. మా ఇంటికి తొంభై. చరిత్ర దేనికుంటుంది నాయనా?" అన్నారు పిన్నిగారు, కుర్చీలోంచి లేచి.

ఉమామహేశ్‌గారు నిజంగానే బాధపడ్డారు. "మీ ఇంటికి శిలాఫలకం ఉందాండీ?"

"ఇంటికి శిలాఫలకమేంటి?"

"అదేనండీ మరి."

"సరే, రాళ్ళకి పదకొండు రోజుల్లో స్లాబెట్టా వేశారు?"

"రాళ్ళు ప్రాజెక్టులో భాగమండీ. మీరు లబ్ధిదారులు."

ఆటో దిగాక పిన్నిగారు నాతో, "కిరీటీ, తిరుపతిని కాఫీకి రమ్మను," అన్నారు.

తిరుపతిరావు కాఫీ తాగుతూ తన కష్టం చెప్పుకున్నాడు. మొదటి దశ నాలుగు రాళ్ళతో విజయవంతంగా పూర్తయింది గనక, ఆషాఢం వెళ్ళగానే రెండో దశకు శంకుస్థాపన చేయాలని మంత్రిగారు ముచ్చటపడుతున్నారు. బావమరిది రాయి చెక్కేశాడు కూడా. వేయడానికి చోటు లేదు. గ్రిల్లులో నాలుగే పడతాయి, బయట వేస్తే ఆటోలు తిరగవు.

"దానికింత దిగులెందుకు అబ్బాయ్?" అన్నారు పిన్నిగారు. "మా హాల్లో వేయించు. మంత్రిగారి రాయి నా ఇంట్లో ఉంటే అంతకన్నా ఏం కావాలి?"

హాల్లో ఎక్కడ వేయాలో కూడా ఆవిడే చూపించారు. కుక్కరు తీసి పక్కన పెట్టి, సరిగ్గా అక్కడ.

శ్రావణ శుక్రవారం నాడు అయిదో రాయి వేశారు. మూటలన్నీ గోడల వెంట జరిపి, నా సాటిన్ తెర కట్టి, హాలు నిండా జనాన్ని నింపారు. మంత్రిగారు తెర లాగిన పది నిమిషాలకు వాన మొదలైంది. మొదటి చుక్క ఆయన తల మీద పడింది.

"వరుణదేవుడి ఆశీర్వాదం సార్," అన్నాడు తిరుపతిరావు.

ఆశీర్వాదం కాసేపట్లోనే ధార కట్టింది. రాయి మీద చెక్కిన అక్షరాలకు కొత్తగా పూసిన బంగారు రంగు ఇంకా ఆరలేదు. బసవపున్నయ్యగారి పేరు కరిగి కిందికి జారడం మొదలుపెట్టింది.

"ఏంటిది? నా పేరు మీద నీళ్ళు కారుతున్నాయేంటి?" మంత్రిగారు కేకేశారు. "ఉమామహేశ్! వెంటనే దీనికి స్లాబు వేయించండి! పర్మిషన్లూ గిర్మిషన్లూ నాకు చెప్పొద్దు!"

పిన్నిగారు నా వైపు చూశారు. నాలుగేళ్ళలో ఆవిడ నవ్వగా చూడటం నాకదే మొదటిసారి. ఆ రాత్రికే పెడనకు ఫోన్ చేసి, దసరా మూటలు మిగతావి కూడా పంపేయమన్నారు.

సిబ్బంది మర్నాడే దిగారు. అంత చురుకైన సిబ్బంది ఏ దేశంలోనైనా ఉంటారా అని నాకు అనుమానం. హాల్లో నాలుగు గుంటలు తవ్వారు, నాలుగు పిల్లర్లు లేపారు, సెంట్రింగ్ కొట్టారు. అప్పుడు పిన్నిగారు పైకి చూశారు. పాత కప్పు కప్పులాగే ఉంది. పిల్లర్లు దానిదాకా వెళ్ళలేదు.

"ఇదేంటండీ, హాలంతా గదా వేసేది?"

ఉమామహేశ్‌గారు ఎస్టిమేటు చూపించారు. "రాయి నాలుగడుగులండి. చుట్టూ ప్రదక్షిణానికి రెండేసి అడుగులు వదిలాం. ఎనిమిది బై ఎనిమిది. ఆర్డరు రాయికేనండీ, ఇంటికి కాదు."

"మరి పైకప్పు?"

"దాన్ని ముట్టుకోకూడదండి. చారిత్రక ప్రాంతం."

పదకొండు రోజుల్లో అదీ పూర్తయింది. మా హాల్లో, కారే కప్పు కింద, కొత్త స్లాబు. కాంక్రీటు గట్టిపడటానికి నీళ్ళు పట్టే పని కూడా లేకపోయింది, మా కప్పే రోజూ పట్టింది. మొన్న ఆదివారం ముసురు పట్టేసరికి పెడన మూటలు దిగి రెండు రోజులైంది. గోడల వెంట ఉన్నవి అప్పటికే చెమ్మగిల్లాయి. నేనూ, పిన్నిగారూ, బెన్నీ ఒక్కో మూటా లాగి స్లాబు కింద రాయి చుట్టూ పేర్చాం. సత్యంగారు శ్రావణ పూజ దక్షిణకు వచ్చి చిక్కుకుపోయారు. రాయి బాగోగులు చూడటానికి తిరుపతిరావు వచ్చాడు. ఆర్నెల్ల తనిఖీకి ఉమామహేశ్‌గారు రిజిస్టరు చంకన పెట్టుకుని వచ్చారు. హాల్లో పొడిగా ఉన్నది అదొక్కచోటే గనక, ఆరుగురమూ మూటల మధ్య దూరి నిలబడ్డాం.

ఉమామహేశ్‌గారు మా అందరినీ ఒకసారి చూశారు. వేలితో లెక్కపెట్టారు. ఫోను తీసి ఏదో నొక్కారు. ఆయన ముఖం వెలిగింది.

"అమ్మా! అరవై నాలుగు చదరపుటడుగుల్లో ఆరుగురం! ఎకరానికి నాలుగు వేల ఎనభై మూడు మంది! ఆరొందలు ఉంటే చాలండీ మాకు!" ఆయన రిజిస్టరు రాయి మీద పరిచి గబగబా రాయసాగారు. "ఇంక డెన్సిటీ సమస్యే లేదు. మెట్రో ఖాయమండీ!"

తిరుపతిరావు అప్పటికే బావమరిదికి ఫోన్ చేస్తున్నాడు. ఉమామహేశ్‌గారు ఆ నాలుగు వేల ఎనభై మూడు కింద గీత గీస్తుండగా టప్పుమని ఒక చుక్క వచ్చి సరిగ్గా దాని మీద పడింది. సిరా పాకింది.

శివపార్వతమ్మగారు తలెత్తి కొత్త స్లాబు వంక ఒకసారి చూశారు. తర్వాత మూటను కాస్త పక్కకి జరిపారు.