ఆసుపత్రి చంద్రకాంత

మర్నాడు సాయంత్రం అయిదు గంటల బస్సుకి భార్య దిగుతుందనగా, ఆ ఉదయం ప్రూఫ్‌రీడరు గారికి పెరడు శుభ్రం చేయాలన్న బుద్ధి పుట్టింది. ఆవిడ పన్నెండు రోజుల కిందట అక్కగారి కంటి ఆపరేషనుకి సాయంగా వెళ్ళింది. వెళ్తూ వెళ్తూ గుమ్మంలో ఆగి, "రోజూ నీళ్ళు పొయ్యండి, ఇంకేమీ చెయ్యకండి" అని చెప్పింది. అందులో మొదటి సగం ఆయన తు.చ. తప్పకుండా పాటించాడు. రెండో సగం మాత్రం తన నడుం నొప్పి మీద జాలికొద్దీ అన్నదని అర్థం చేసుకున్నాడు.

ఆయన పాఠ్యపుస్తకాల ప్రెస్సులో ముప్పై ఒక్క ఏళ్ళు అచ్చుతప్పులు దిద్ది, కిందటేడే రిటైరయ్యాడు. ఉద్యోగం పోయినా చేతి దురద పోలేదు. కిరాణా కొట్టు బోర్డు మీద పొల్లు లేకపోతే ఆ కొట్లో సరుకు కొనడు. వంటింట్లో డబ్బాలన్నీ అకారాది క్రమంలో సర్ది పెట్టాడు. ఆ ఇంట్లో ఆయన చెయ్యి పడనిది పెరడొక్కటే.

పెరట్లో ఆవిడ పద్ధతి వేరు. ఏళ్ళ తరబడి బతికే పూలమొక్కలంటేనే ఆవిడకు ఇష్టం. ఒకసారి వేస్తే అవే గింజలు రాల్చుకుంటాయి, రాలిన చోటే మొలుస్తాయి, మొలిచిన చోటే ఆవిడ వాటిని ఉండనిస్తుంది. బాట రాళ్ళ సందుల్లో కనకాంబరాలు, బట్టల బండ పక్కన బిళ్ళగన్నేరు, కుళాయి కింద ఏదో పేరు తెలియని గుబురు. కాలు పెట్టే దారేదని ఆయన విసుక్కుంటే, "వాటికి నచ్చిన చోటు అవి చూసుకున్నాయి, మధ్యలో మనకేం పోయింది" అనేది.

అయితే ఒక్క మొక్క జోలికి మాత్రం వెళ్ళకూడదని ఆయనకు బాగా తెలుసు. నాలుగేళ్ళ కిందట ఊపిరితిత్తులకు నిమ్ము చేసి ఆయన పందొమ్మిది రోజులు ఆసుపత్రిలో ఉన్నాడు. వార్డు కిటికీ కింద ఒక చంద్రకాంత దుబ్బు ఉండేది. పసుపు రేకుల మీద ఎవరో ఎర్రసిరా విదిలించినట్టు చారలు. సాయంత్రం అయ్యేసరికి ఆవిడ ఆయన వీపు వెనక దిండు సర్ది, "మళ్ళీ పూశాయి, ఒక్కసారి చూడండి" అనేది. చూడటానికని ఆయన లేచి కూర్చునేవాడు. ఇంటికొచ్చేసే రోజున ఆవిడ ఆ దుబ్బు కిందికి వంగి, మిరియాల్లాంటి నల్లటి గింజలు నాలుగు ఏరి కళ్ళజోడు పెట్టెలో వేసుకుంది. అవి పెరట్లో మొలిచాయి. అప్పట్నుంచి సాయంత్రం పూట ఇద్దరూ మెట్ల దగ్గర కుర్చీలు వేసుకుని, అవి విచ్చుకునేదాకా కూర్చునేవారు. ఆయన ఎవరితోనూ అనలేదు గాని, తనూ ఆ మొక్కా ఒకే రోజున ఆసుపత్రి నుంచి బయటపడ్డామని లోలోపల అనుకునేవాడు.

చిక్కల్లా, ఆ మొక్కను ఆయన చూసిందంతా సాయంత్రాలే. పొద్దున పూలన్నీ ముడుచుకుపోయాక, ఆకును బట్టి ఏది ఏదో ఆయనకు తెలియదు. మెట్ల దగ్గర ఉంటుందన్నది గుర్తు. అందుకని మెట్ల పక్కన మొగ్గలతో ఉన్న మొక్కను పట్టుకుని, దాని చుట్టూ నాలుగు ఇటుకలు పేర్చి భద్రం చేశాడు. తరువాత గోడ నుంచి గోడకు పురికొస లాగి కట్టి, వరసలో లేని మొక్కనల్లా పీకేశాడు. మూడు గోనెసంచుల చెత్త తేలింది. మున్సిపాలిటీ బండి రాగానే స్వయంగా ఎత్తి వేసి, చేతులు దులుపుకుని, చాలా రోజుల తరువాత ఒక పని సక్రమంగా చేశాననుకున్నాడు.

పక్కింట్లో బట్టలు కుట్టే ఆవిడ గోడ మీదుగా తొంగి చూసింది. మెడలో కొలత టేపు అలాగే ఉంది.

"ఏంటన్నయ్యగారూ, పెరడంతా గుండు కొట్టించినట్టుంది. ఆసుపత్రి చంద్రకాంత ఏది?"

"అదిగో, ఇటుకల మధ్య. దాన్ని ముట్టుకుంటానా?"

ఆవిడ ఇటుకల వైపు చాలాసేపు చూసింది. "అది బిళ్ళగన్నేరు అన్నయ్యగారూ."

ఆయన మెట్ల మీద కూలబడిపోయాడు. "బండి ఎంత దూరం వెళ్ళి ఉంటుంది?" అని అడిగాడు. అప్పటికి గంటన్నర అయిందని ఆవిడ చెప్పింది.

"చెల్లెమ్మా, ఈ మాట ఎవరికీ చెప్పకు. తను రేపు వచ్చేసరికి ఎలాగోలా సర్దుతాను. మాటివ్వు."

"సరే అన్నయ్యగారూ, మాటిచ్చాను."

కొంప ముంచింది ఆ మాటే. వీధి చివర మందుల షాపు పక్కగోడ పొడుగునా చంద్రకాంతలు ఉంటాయని గుర్తొచ్చి, ఆయన కాళ్ళు కూడా కడుక్కోకుండా అక్కడికి పరుగెత్తాడు. మిట్టమధ్యాహ్నం కావడంతో అక్కడా పూలన్నీ ముడుచుకునే ఉన్నాయి. ఏ రంగో తెలిసే దారి లేదు.

"రండి మాస్టారూ, దగ్గు మందా?" అన్నాడు షాపాయన.

"కాదండీ. ఆ చంద్రకాంత ఒక మొక్క తవ్వి ఇస్తారా?"

"మీకెందుకండీ?"

పీకేశానని చెప్పడానికి నోరు రాలేదు. "ఆసుపత్రి కిటికీలోంచి రోజూ చూసిన పూలండీ అవి. రేపు సాయంత్రం మా ఆవిడ ఇంటికి వచ్చేసరికి కళ్ళెదురుగా పూసి ఉండాలి. లేకపోతే..." అంటూ మాట పూర్తి చేయకుండానే ఆయన మట్టిచేత్తో కళ్ళు తుడుచుకున్నాడు.

షాపాయన ఆలోచించాడు. ఈయన భార్య వీధిలో కనిపించి పది రోజులు దాటింది. ఆసుపత్రి అంటున్నాడు. మనిషి ఒంటి నిండా మట్టి, కళ్ళ నిండా నీళ్ళు. ఇంకా వివరంగా అడగడం ఆయనకు సభ్యత అనిపించలేదు.

"ఇంత జరుగుతుంటే మాకు ఒక్క మాట చెప్పలేదేం మాస్టారూ?"

"ఏ మొహం పెట్టుకుని చెప్పమంటారు? అంతా నా వల్లే జరిగింది."

"అలా అనుకోకండి. మన చేతుల్లో ఏముంది?"

"నా చేతుల్లోనే ఉందండీ," అని ఆయన రెండు చేతులూ చాపి చూపించాడు. షాపాయన ఆ చేతులు పట్టుకుని, తనే స్వయంగా గునపం తెచ్చి మొక్క తవ్వి ఇచ్చాడు.

షాపు నుంచి కబురు పాకి, రెండు గంటలు తిరిగేసరికి వీధంతా చంద్రకాంతలు కదిలాయి. ఒకరు డబ్బాలో, ఒకరు తొట్టితో సహా, ఒకరు తడిగుడ్డలో చుట్టి తీసుకొచ్చారు. ఉన్నవాళ్ళు రెండేసి ఇచ్చారు, లేనివాళ్ళు పక్కవీధికి వెళ్ళి అడిగి తెచ్చారు. మనుషుల్లో ఇంత మంచితనం ఉందని ఆయనకు అరవై ఏళ్ళలో తెలియలేదు. అందరూ గొంతు తగ్గించి మాట్లాడుతుంటే, ఖాళీ పెరడు చూసి సంగతి గ్రహించి, తన తప్పు బయటపడకూడదని జాగ్రత్త పడుతున్నారనుకున్నాడు.

"డాక్టర్లు ఏమన్నారండీ?" అని అడిగాడు ఇస్త్రీ చేసే ఆయన.

వదినగారి సంగతి అడుగుతున్నాడు కాబోలనుకుని, "ఆపరేషన్ బాగానే జరిగిందట. కన్ను కాస్త కనిపిస్తోందట" అన్నాడు.

"కన్ను కూడానా," అని ఇస్త్రీ ఆయన గొణిగి, "మరి ఎలా తీసుకొస్తున్నారు?" అన్నాడు.

"బస్సులో."

"బస్సులోనా?"

"కారు పెట్టుకోమంటే వినదండీ. పైగా రెండు బరువైన సంచులు తనే మోసుకొస్తుంది. ఎంత చెప్పినా అంతే."

"ఆ పరిస్థితిలో కూడా," అంటూ ఆయన తువ్వాలుతో కళ్ళు ఒత్తుకున్నాడు. "మీరు ధైర్యంగా ఉండాలి."

"ఉంటానండీ. ఎంతైనా ఒక్క పూట. తరువాత అంతా సర్దుకుంటుంది."

ఆ మాట తీసుకెళ్ళి ఇస్త్రీ ఆయన వీధిలో చెప్పాడు. ఒక్క పూటేనట అన్నది ఇంటింటికీ చేరింది. కొందరు నిజం తెలుసుకుందామని కుట్టుపని ఆవిడ దగ్గరికి వెళ్ళారు. ఆవిడ మిషను ఆపకుండానే, "నన్నేం అడక్కండి. అన్నయ్యగారికి మాటిచ్చాను" అంది. ఇక ఎవరికీ సందేహం మిగల్లేదు.

మొత్తం నలభై ఆరు మొక్కలు వచ్చాయి. ఆ సాయంత్రమూ మర్నాడు పొద్దున్నుంచీ ఆయన వాటిని పురికొస వెంబడి జానెడు జానెడు దూరంలో నాటాడు. అన్నీ తల వేలాడేశాయి. వాటికి నీళ్ళు చల్లుతూ నిలబడి, బస్టాపుకి ఎలా వెళ్ళాలా అని ఆలోచిస్తుంటే మందుల షాపాయన వచ్చాడు. "మీరు ఇక్కడే ఉండండి మాస్టారూ. ఆవిణ్ణి తీసుకురావడం మేం చూసుకుంటాం" అన్నాడు. సంచులు మొయ్యడానికి కూడా జనం ముందుకొస్తున్నారని ఆయన మనసు కరిగిపోయింది.

అయిదింటి బస్సు ఆగింది. ఆవిడ రెండు చేతుల్లో రెండు సంచులతో, నోట్లో టికెట్టు కరుచుకుని దిగింది. దిగీ దిగగానే ఎదురుగా చక్రాల కుర్చీ పట్టుకుని మందుల షాపాయన, ఆయన వెనక పదిమంది. ఒక్కరూ మాట్లాడటం లేదు. భర్త మాత్రం ఎక్కడా లేడు.

ఆవిడ నోట్లోంచి టికెట్టు జారిపోయింది. "ఆయనకేమైంది?"

షాపాయన నెమ్మదిగా, "పైకి గట్టిగానే ఉన్నారమ్మా. లోపల మాత్రం తట్టుకోలేకపోతున్నారు" అన్నాడు.

"ఊపిరి ఆడుతోందా? ఎక్కడున్నారు?"

"ఇంట్లోనే. నిన్నట్నుంచీ మట్టిలోనే ఉన్నారు."

ఆవిడ సంచులు రెండూ కింద పడేసింది. కుర్చీ ఎలాగూ సిద్ధంగా ఉంది, అందులో పడిపోయింది. "తొందరగా తీసుకెళ్ళండి" అని మాత్రం అనగలిగింది. వాళ్ళు మెల్లగా తోయాలనుకున్నారు గాని, ఆవిడ రెండు చక్రాలూ తనే చేత్తో తిప్పుతుంటే వెనకవాళ్ళు పరుగెత్తాల్సి వచ్చింది.

పెరటి తలుపు దగ్గర కుర్చీ ఆగింది. లోపల ఆయన నీళ్ళ డబ్బా పట్టుకుని, మోచేతుల దాకా మట్టితో నిలబడి ఉన్నాడు. ఆవిడ కుర్చీలోంచి దిగ్గున లేచి, మొక్కల వరసలు దాటుకుంటూ వెళ్ళి ఆయన నుదురు పట్టి చూసింది, ఛాతీ మీద అరచెయ్యి ఆనించింది.

"ఆయాసంగా ఉందా?"

"లేదే. నీకేమైంది, కుర్చీలో వచ్చావు?"

ఇద్దరూ కలిసి మందుల షాపాయన వైపు చూశారు. ఆయన ఇస్త్రీ ఆయన వైపు చూశాడు. ఇస్త్రీ ఆయన కుట్టుపని ఆవిడ వైపు చూశాడు. "నేను మాటిచ్చానండీ," అంది ఆవిడ.

జనం ఒక్కొక్కరే జారుకున్నాక, ఆయన మెట్ల మీద కూర్చుని ఉన్నదున్నట్టు చెప్పేశాడు. పురికొస, గోనెసంచులు, ఇటుకల మధ్య బిళ్ళగన్నేరు. చెప్తున్నంతసేపూ తల ఎత్తలేదు. "నన్ను బతికించిన మొక్కను నేనే చెత్తబండిలో వేశాను. నువ్వేమన్నా పడతాను" అన్నాడు.

ఆవిడ కొంగుతో ఆయన మోచేతి మట్టి తుడిచింది.

"అది ఆసుపత్రి మొక్క కాదండీ."

"మరి?"

"అక్కణ్ణుంచి తెచ్చిన గింజలు మొలిచాయి గాని, నెల తిరక్కుండానే కుళ్ళిపోయాయి. మీరప్పటికి ఇంకా మంచం దిగలేదు. రోజూ కిటికీలోంచి మొక్క ఎంతైంది, మొక్క ఎంతైంది అని అడిగేవారు. పోయిందని ఎలా చెప్పను? మీ మందులకని వెళ్ళినప్పుడు ఆ షాపు గోడ పక్కనుంచి చారలది ఒకటి తవ్వి తెచ్చి, అదే చోట పెట్టాను."

"నాలుగేళ్ళు. రోజూ కళ్ళెదుటే ఉంది. నేను తప్పు పట్టలేకపోయాను."

"పట్టకూడదనే కదా పెట్టాను," అంది ఆవిడ. అన్నాక ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగాయి. పన్నెండు రోజులు అక్కగారి మంచం పక్కన గడిపి వచ్చిన అలసట, బస్టాపులో పడ్డ భయం అన్నీ అప్పుడు బయటికొచ్చాయి. ఆయన మట్టిచేతితోనే ఆమె చెయ్యి పట్టుకుని కూర్చున్నాడు.

మొదటి వరసలో మొదటి మొక్క, మందుల షాపాయన ఇచ్చింది, తల వాల్చే ఉంది. అయినా ఆ కాస్త ప్రాణంతోనే రెండు పూలు విచ్చుకుంది. పసుపు మీద ఎర్రచారలు.

నేల పైన తెగిన చంద్రకాంతకు కింద దుంప మిగులుతుందని, పీకినప్పుడు రాలిన గింజలు లెక్కకు మిక్కిలి ఉంటాయని ఆయన తరువాతి మూడు వారాల్లో తెలుసుకున్నాడు. పాతవి లేచాయి, కొత్తవి మొలిచాయి, పెట్టినవి కుదురుకున్నాయి. బాట కనిపించడం మానేసింది. "కొన్ని తీసెయ్యండి, అడుగు పెట్టే చోటు లేదు" అని ఇప్పుడు ఆవిడే అంటోంది. ఉదయం పూట తను వాటి మీద చెయ్యి వెయ్యనని, సాయంత్రం పూసి ఉన్నవాటిని పీకడానికి మనసు రాదని ఆయన అంటున్నాడు.

ఆవిడ నిక్షేపంగా తిరిగి వచ్చినందుకు వీధిలో ఎవరూ పైకి ఏమీ అనలేదు గాని, ఇద్దరు మాత్రం వచ్చి తమ మొక్కలు తాము పట్టుకెళ్ళారు.