నచ్చిన నేల ఎంచుకోండి

"శాస్త్రం ఎవరి మొహం చూసీ మాట్లాడదు!" అని డైరెక్టరుగారు బల్ల గుద్ది సెలవిచ్చారు. బల్లకు అవతల రంగుల ఫ్యాక్టరీ మేనేజరు కూర్చుని ఉన్నాడు. ఆ గదిలో శాస్త్రం చూడదగ్గ మొహం అదొక్కటే మరి!

ఆ ఆఫీసులో నేల లోపలి సంగతులు కంప్యూటరు మీద తేలుస్తారు. ఆ పని చేసేవాణ్ణి అందరూ బొమ్మలాయన అంటారు. ఏనాడో నదులు వదిలిపోయిన ఇసుక పొరలు అడుగున బంకమట్టి మధ్య పడి ఉంటాయి. ఇసుక ఇసుకను తాకితే నీళ్ళు పారతాయి, బంకమట్టి అడ్డొస్తే ఆగుతాయి. తాకిందో లేదో ఎవడు చూడొచ్చాడు? అక్కడక్కడా వేసిన నాలుగు బోర్లే ఆధారం. మిగతాది కంప్యూటరు ఊహించి వంద బొమ్మలు గీస్తుంది, వందా వంద రకాలు. ఎన్నిట్లో ఇసుక కలిసిందో చూసి చెప్పడం లోకం పద్ధతి. ఆ ఆఫీసు పద్ధతి వేరు. బట్టల కొట్లో తానులు విప్పినట్టు బొమ్మలన్నీ పరిచి, నచ్చింది ఎంచుకోమంటారు!

మేనేజరుకు పెద్ద కోరికలేమీ లేవు. ఫ్యాక్టరీ భూమిలోకి దింపబోయే మురికినీళ్ళు పక్క కాలనీ బావిలోకి చేరకూడదు, కనీసం బొమ్మలో.

"దాదాపు అన్నిట్లోనూ చేరుతున్నాయి సార్," అని బొమ్మలాయన నసిగాడు. "చేరనివి మూడే ఉన్నాయి."

"మూడెందుకయ్యా, ఒకటి చాలు!" డైరెక్టరుగారు వాటిలో అందంగా ఉన్నదాని మీద సంతకం గీకారు. "నీ ప్రమోషను సంగతి కూడా చూస్తున్నాలే."

ఆ కాలనీలోనే బొమ్మలాయన అక్క ఉంటుంది. పాపం, ఆ పూట ఆయనకు అన్నం సహించలేదు. నోరు విప్పితే ప్రమోషను పోతుంది, విప్పకపోతే మేనకోడలు ఆ నీళ్ళు తాగుతుంది. అందుకని సగం విప్పాడు, అక్క దగ్గర మాత్రమే.

"అక్కా, ఆ ఇల్లు అమ్మేసి మా వైపు వచ్చెయ్."

"ఎందుకురా? నీళ్ళకేం భయం లేదని మీ ఆఫీసే చెప్పిందిగా! మా తమ్ముడే బొమ్మ గీశాడని వీధంతా చెప్పుకున్నాను కూడా."

"గీసింది నేనే కాబట్టి చెప్తున్నా."

మర్నాడే అక్క ఇంటి గుమ్మానికి అమ్మకం బోర్డు ఎక్కింది. తమ్ముడికి దగ్గరగా ఉందామని అమ్ముతున్నామంది ఇరుగుపొరుగుతో.

కొన్నాళ్ళకు డైరెక్టరుగారు బొమ్మలాయనను గదిలోకి పిలిచి తలుపు వేశారు.

"మా అల్లుడు ఆ కాలనీలో ఇల్లు కొంటానంటున్నాడు. మీ అక్కదేనట! మనలో మన మాట, నిజం చెప్పు. నీళ్ళు కలుస్తాయా?"

కలుస్తాయంటే అక్క ఇల్లు అమ్ముడుపోదు. బొమ్మలాయన గోడ వైపు చూశాడు. సంతకం చేసిన బొమ్మను డైరెక్టరుగారు ఫ్రేము కట్టించి మరీ తగిలించుకున్నారు.

"కలవవు సార్. శాస్త్రం ఎవరి మొహం చూసీ మాట్లాడదు."

"ఏడిశావులే! అది ఫ్యాక్టరీకి చెప్పిన మాట. మా మనవడు తాగాలయ్యా ఆ నీళ్ళు!"

"మా మేనకోడలు తాగుతోంది సార్!" అంత కోపం తనలో ఉందని బొమ్మలాయనకే తెలియదు. "ఫ్యాక్టరీ ఇంకా గొట్టాలు దింపలేదు. ఆ బొమ్మ తీసేసి, మిగతావన్నీ బయటపెడదాం."

డైరెక్టరుగారు సొరుగు లాగి ఒక కాగితం బయటికి తీశారు.

"బొమ్మ జోలికి పోకు. ఆ ఇంటికి వెలుతురు చాలదని అల్లుడికి చెప్పేస్తాను. చీఫ్‌గా నీ ప్రమోషను కాగితం ఇదుగో, తీసుకో."

తీసుకున్నాడు. కోపం ఎటు పోయిందో మరి, వెతికినా దొరకలేదు.

సాయంత్రం అక్క ఫోను చేసింది.

"మీ డైరెక్టరుగారి అల్లుడు వద్దన్నాడు గానీ, ఇంకో జంట వచ్చిందిరా. చంకలో చంటిపిల్ల. నీళ్ళ సంగతి గుచ్చిగుచ్చి అడుగుతున్నారు. ఏం చెప్పమంటావు?"

"నువ్వు చెప్పడమెందుకక్కా," అన్నాడు కొత్త చీఫ్‌గారు. "బొమ్మ పంపిస్తున్నా, చూపించు. సంతకం కూడా ఉంది."