మంతీల కుండలో మాయమైన నీళ్ళు

"నారిన్ లోయలో నా కళ్ళు కప్పగలిగిన నేరం ఇంకా పుట్టలేదు!" అని ఎసెన్‌బెక్ ప్రకటించేసరికి వంటింట్లో మాడువాసన గుప్పుమంటోంది. ఉన్ని గోదాము కాపలా పని నుంచి రిటైరైన దగ్గర్నుంచీ ఆయన డిటెక్టివే.

కొత్తకోడలు బురుల్ తలెత్తలేదు. కాసేపట్లో ఆమె అమ్మానాన్నలు మొదటిసారి వియ్యాలవారింటికి వస్తున్నారు. వాళ్ళ కోసం ఆవిరికి పెట్టిన మంతీలు, మాంసం కూరిన పిండి కుడుములు, మాడిపోయాయి. అడుగుకుండలో చుక్క నీరు లేదు.

"ఖాళీకుండ పొయ్యెక్కించిందని మీవాళ్ళతో చెప్పనా?" అంది అత్తగారు కాలిపా.

"నిండా పోశానత్తయ్యా."

"మరి నీళ్ళకు కాళ్ళొచ్చాయా?"

"తొందరపడకు వదినా! ఇది ముఠా పని," అన్నాడు ఆమె మరిది ఎసెన్‌బెక్, నక్కతోలు టోపీ సర్దుకుంటూ. "చెప్పమ్మాయ్, కుండ దగ్గరికి ఎవరొచ్చారు?"

బురుల్ ఇరుకున పడింది. వచ్చింది ఆయనే. మాటిమాటికీ మూత ఎత్తి, టోపీతో సహా ముఖం దూర్చి, "ఆహా" అని వాసన పీల్చిపోయాడు. కానీ అత్తింటి పెద్దల పేరు కోడలి నోట రాకూడదాయె.

"పేరు పలకకూడనివారు..." అని గొణిగింది. "మీసాలుంటాయి."

"పేరెత్తడానికే జనం వణికే నేరగాడు!" ఆయన తన మీసం మెలేశాడు. "పైగా మీసాలు! ఇంకెక్కడికి పోతాడు?"

గడ్డకట్టే చలిలోకి దూకాడు. మీసమున్న ప్రతివాణ్ణీ "నీళ్ళెక్కడ దాచావ్?" అని నిలదీసి, బోలెడు తిట్లు తిని, ఒకడి చేత తోయించుకుని తిరిగొచ్చాడు. టోపీ చెక్కలా బిగుసుకుపోయింది. బొచ్చు నిండా మంచు.

"ముఠా పారిపోయింది," అంటూ పొయ్యి దగ్గర వదిన పక్కన చతికిలబడి, ముందుకు వంగి చేతులు కాచుకున్నాడు. వేడికి టోపీ మీది మంచు కరిగి ఆమె టీ గిన్నెలోకి టపటపా రాలింది. ఆమె చూసుకోకుండా ఒక గుక్క తాగి ఆగిపోయింది.

"టీలో ఉల్లిపాయేమిటి?" టోపీ లాక్కుని వాసన చూసింది. "ఉల్లి, జీలకర్ర, గొర్రెతోక కొవ్వు... ఇవి నా మంతీలే! మూత తీసినప్పుడల్లా ఆవిరంతా పోతే కుండలో ఏం మిగులుతుందయ్యా? కాస్త నీ నెత్తినే దాక్కుంది!"

బురుల్ నేలచూపులు చూస్తూనే నవ్వింది.

"నేను ముందే అనుకున్నాను," అన్నాడు ఎసెన్‌బెక్ గంభీరంగా. "నేరస్థుడు ఇంట్లోనే ఉన్నాడు. కేసు ముగిసింది."

"ముగిసిందిగా. వెళ్ళి పిండి కలుపు."

బయట కుక్క మొరిగింది. కాలిపాయే తలుపు తీసింది. "రండి వదినగారూ! మొదటి వాయి మా మరిది మాడ్చాడు. మీ అమ్మాయి వాయి ఇప్పుడు పొయ్యెక్కుతోంది."

కుండలో కొత్త నీళ్ళు పోస్తున్న కోడలి చేతిలో పెద్ద గరిటె పెట్టింది.

"ఈసారి మూత ఎవరు ముట్టినా పేరు చెప్పక్కర్లేదమ్మా. వేళ్ళ మీద ఒక్కటెయ్యి."