అవ్వల విశ్రాంతి పథకం

రెండు చీరలు, దువ్వెన, కళ్లద్దాల డబ్బా సర్ది యశోదమ్మ సంచి మూతి కట్టింది. మనవడు చిన్ను ఊరుకోలేదు. ముడి విప్పించి తన ప్లాస్టిక్ లారీ కూడా అందులో పెట్టాడు.

ఆ ప్రయాణానికి కారణం మంత్రి ఎర్రప్పగారి కరుణ. సరిహద్దు జిల్లాలో పసిపిల్లలు పుట్టినప్పటి నుంచీ రెండు భాషల కింద నలుగుతున్నారని, ఇది లేత బుర్రకు ఓవర్‌లోడ్ అని బళ్లారి సభలో ఆయన కంటతడి పెట్టారు. ఓవర్‌లోడ్ సంగతి ఆయనకు తెలిసినంతగా జిల్లాలో మరొకరికి తెలియదు. దోణిమలై గనుల ఖనిజం మోసే లారీల్లో సగం ఆయనవే. పరిష్కారమూ ఆయనే కనిపెట్టారు. ఇంట్లో రెండో భాష మాట్లాడే అవ్వలకు తెక్కలకోటలో ప్రభుత్వ విశ్రాంతి. పిల్లలకు ఒక భాష కుదురుకున్నాక, దసరాకల్లా, అవ్వలను ఇండ్లకు చేరుస్తారు.

బళ్లారి బ్రూస్‌పేటలోని యశోదమ్మ ఇంటికి పరీక్ష చేయడానికి వచ్చినవాడు పథకం ఆఫీసరు భీమేష్. అదే సమయానికి చిన్ను వీధిలోంచి పరుగెత్తుకొచ్చి అవ్వతో "కుక్క" అన్నాడు. వెంటనే తల్లి రోహిణి వైపు తిరిగి "నాయి" అన్నాడు. కోడలైన రోహిణి పుట్టింటి భాష కన్నడం. ఎవరితో ఏది మాట్లాడాలో ఆ రెండేళ్లవాడికి ఎవరూ చెప్పలేదు. వాడు ఎన్నడూ తప్పనూ లేదు.

"చూస్తిరా, ఒక కుక్కను రెండు తూర్లు చెప్పినాడు," అన్నాడు భీమేష్. "ఇదే జబ్బు."

"ఇద్దరం ఉంటిమి కదప్పా. ఇద్దరికీ చెప్పినాడు," అంది యశోదమ్మ.

"నేననేదీ అదేనమ్మా. నువ్వు లేకుంటే ఒక తూరితో అయిపోతాండె."

రోహిణి వద్దని ఎంత చెప్పినా, తన మాటే పిల్లవాడికి జబ్బయితే ఎట్లా అని భయపడి యశోదమ్మే బయల్దేరింది. బస్సు దగ్గర మాత్రం, వాడు నన్ను మరిచిపోడు కదా అని అడిగింది.

"ముందు మరవాల," అని భీమేష్ ధైర్యం చెప్పాడు. "దసరాకు మేమే మళ్లీ పరిచయం చేస్తాం."

తెక్కలకోటకు మంత్రిగారు స్వయంగా వచ్చారు. ఒక్కొక్క అవ్వతో కథ చెప్పించుకుని విన్నారు. పదవిలో ఉండి అంత ఓపిక ఇంకెవరు చూపుతారు? యశోదమ్మ కథ ఆయనకు బాగా నచ్చింది.

"బెంగళూరుకు రా పెద్దమ్మా. మా మనవడు హర్షకు ఇంగ్లీషు తప్ప ఏమీ రాదు. రేపు ఈ జిల్లాలో ఓట్లడగాలంటే రెండూ రావాల. కన్నడానికి ఒక అవ్వను పెట్టినా. తెలుగుకే మనిషి లేదు."

"మరి ఓవర్‌లోడు కదప్పా?"

"మా బండ్లు మోస్తాయిలే, భయపడాకు."

మంత్రిగారి ఇంట్లో హర్ష చిన్ను లారీతో ఆడుకున్నాడు. కొన్నాళ్లకు గేటు దగ్గర కుక్కను చూసి యశోదమ్మతో "కుక్క" అని, రెండో అవ్వతో "నాయి" అని చెప్పాడు. మంత్రిగారు విలేకరులను పిలిపించారు. ఒకే కుక్కను రెండుసార్లు చెప్పిన మేధావి ఫొటో పేపర్లలో వచ్చింది.

ఆ రోజే యశోదమ్మ ఇంటికి ఫోన్ చేసింది. చిన్ను ఎత్తాడు.

"నేనప్పా, అవ్వను. నా లారీ యాడ అని అడగవా?"

వాడు "యారో అమ్మా," అని, ఎవరో తెలియని మనిషి ఫోనన్నట్టు, రోహిణి చేతికిచ్చాడు.

దసరాకు మిగతా అవ్వలందరూ ఇండ్లు చేరారు. హర్షకు ఇంకా కథలు చెప్పడం రావాలని మంత్రిగారు అన్నారు. యశోదమ్మ ఆ దసరాకు రాలేదు. ఎన్నికలు అయిపోయిన ఏడాది దసరాకూ రాలేదు.