మణికట్టు నొప్పి అనే మహాభాగ్యం

మణికట్టు నొప్పిని మించిన వరం మనిషికి మరొకటి లేదు. ఉదయ్ భాస్కర్ ఆరు నెలల పాటు అలాగే నమ్మాడు మరి.

తొంభై తొమ్మిదిలో మాదాపూర్‌లోని ఒక అద్దాల మేడలో అతనికి ఉద్యోగం. అమెరికా డాక్టర్లు టేపులో చెప్పింది హెడ్‌ఫోన్స్‌లో వినడం, ఉన్నదున్నట్టు కంప్యూటర్లో టైప్ చేయడం. రోజుకి వెయ్యి లైన్లు. మూడో నెలకల్లా కుడి మణికట్టు సలపడం మొదలెట్టింది. ఉదయ్ పొంగిపోయాడు. కాకినాడ కుర్రాడికి అంతర్జాతీయ స్థాయి నొప్పి ఊరికే వస్తుందా?

లాభాలు మాత్రం తక్కువా? కొబ్బరి కోరక్కర్లేదు. బకెట్ ఎత్తక్కర్లేదు. చొక్కా గుండీలు భార్య భానుశ్రీ పెట్టేది. పెళ్లయిన కొత్తలో కూడా ఆవిడ అంత శ్రద్ధగా చూసింది లేదు. చూసేది గుండీల వంకే అయినా, అతను ఆ తేడా పట్టించుకోలేదు.

ఆఫీసు ముందు టీ బండి దగ్గర పెంటయ్య కనిపించేవాడు. నార్సింగి మనిషి. పక్క బిల్డింగు కడుతున్నప్పుడు రాళ్లు కోసే మిషన్లో రెండు వేళ్లు పోయాయి. ఏడాది పాటు లేబర్ ఆఫీసు చుట్టూ తిరిగి నష్టపరిహారం రాబట్టుకుని, ఇప్పుడు అక్కడే వాచ్‌మన్‌గా ఉన్నాడు. అతన్ని చూసి ఉదయ్ తెగ జాలిపడేవాడు. తనది మెదడుతో చేసే పని కదా!

ఒక ఆదివారం సాయంత్రం ఎనిమిది నెలల కూతురు వర్షితని ఎత్తుకున్నాడు. గట్టిగా పట్టుకున్నాననే అనుకున్నాడు. వేళ్లకి స్పర్శ తెలియలేదు. పిల్ల జారింది. నేలకి జానెడు ఎత్తులో భానుశ్రీ అందుకుంది.  పిల్లని మళ్లీ అతని చేతికివ్వలేదు.

మర్నాడు ఆఫీసులో హెడ్‌ఫోన్స్ పెట్టుకోగానే ఎవరో డాక్టరు చెబుతున్నాడు. రోగి ఇన్సూరెన్స్ కంపెనీలో టైపిస్టు. కుడిచేతి వేళ్లు మొద్దుబారుతున్నాయి. కారణం, చేసే పనే. ఆరు వారాలు జీతంతో విశ్రాంతి ఇవ్వాలి. వైద్యం ఖర్చు యజమానిది.

మొద్దుబారిన వేళ్లతో ఉదయ్ అదంతా తప్పు లేకుండా టైప్ చేశాడు. లేచి తిన్నగా పర్సనెల్ మేనేజర్ జయలక్ష్మి గారి గదికి వెళ్లాడు.

“ఇది పనిలో తగిలిన దెబ్బ ఎలా అవుతుందండీ ఉదయ్ గారూ? రక్తం ఏదీ?” అన్నారావిడ.

“కీబోర్డు కొయ్యదు మేడమ్.”

“నేనూ అదే అంటున్నా. యోగా చేయండి.”

టీ బండి దగ్గర ఈ గోడంతా విని పెంటయ్య తల ఊపాడు.

“నోటితోని చెప్తే ఎవలింటరు సారూ? నాకు వేళ్లు పోయింది కండ్లకు కనబడ్తనే ఉన్నది, అయినా ఏడాది తిప్పిండ్రు. నీకు అన్ని వేళ్లున్నయ్, ఇగ నిన్నెట్ల నమ్ముతరు? కాగితం రాసియ్యి. అందిందని ముద్ర ఏసేదాక ఆడ నుంచి లేవకు.”

ఇన్నాళ్లూ ఎవరు ఎవరి మీద జాలిపడాల్సిందో ఉదయ్‌కి అప్పుడు అర్థమైంది.

ఎడంచేత్తో, కోడి గెలికినట్టు అర్జీ రాసి పట్టుకెళ్లాడు. జయలక్ష్మి గారు దాన్ని తిప్పి తిప్పి చూశారు.

“చేతిరాత అర్జీలు తీసుకోమండీ. టైప్ చేసి మూడు కాపీలు ఇవ్వండి.”

పక్క సీటు ఉమాశ్రీ టైప్ చేసి పెట్టింది. ఉదయ్ చదివి చూశాడు.

“ఇక్కడ ‘నా చేయి’ అని కదండీ ఉండాలి? ‘మా చేతులు’ అని పడింది.”

“తప్పు పడలేదండీ,” అంది ఉమాశ్రీ, తన మణికట్టుకున్న క్రేప్ బ్యాండేజీ సర్దుకుంటూ.

మధ్యాహ్నానికి కింద పదకొండు సంతకాలు చేరాయి. జయలక్ష్మి గారు కళ్లజోడు సవరించుకున్నారు.

“ఇవేం సంతకాలండీ, ఇన్ని వంకర్లు?”

“ఎడంచేత్తో పెట్టాం మేడమ్.”

ఆవిడ సంతకాలు ఒక్కొక్కటీ లెక్కపెట్టారు. తర్వాత మూడు కాపీల మీదా ముద్ర వేశారు.