పొడుగు గ్లాసులో సుగంధి

ఆదివారం పొద్దున జాహ్నవి వేసుకున్న పథకం చాలా చిన్నది. బీఈడీ రికార్డు సోమవారం కాలేజీలో ఇవ్వాలి. అందులో ఒక్క ప్రయోగం మిగిలింది. ఒకే రకం గాజు గ్లాసులు రెంటిలో సుగంధి షర్బత్ సమానంగా పోసి, ఒకదానిలోది సన్నగా పొడుగ్గా ఉండే గ్లాసులోకి వంచి, ఇప్పుడు ఎందులో ఎక్కువుందని పిల్లవాణ్ణి అడగాలి. ఐదేళ్ళవాళ్ళు సాధారణంగా పొడుగు గ్లాసులోదే ఎక్కువంటారు. ఏడేళ్ళు వస్తే గానీ, గ్లాసు మారినా పోసింది మారదన్న సంగతి వాళ్ళకి అంతుపట్టదు. ఇంట్లో ఐదేళ్ళ కొడుకు తేజ ఉన్నాడు, ఫ్రిజ్‌లో సుగంధి ఉంది. పది నిమిషాల పని అనుకుంది.

ఆమె చేసిన పొరపాటల్లా ఈ సంగతి ముందురోజు సాయంత్రమే మాచర్లలో ఉన్న తల్లి ఇందిరకి ఫోన్లో చెప్పడం. పక్కనే చిక్కుడుకాయల ఈనెలు తీస్తున్న అత్తగారు గురవమ్మ ప్రయోగం గురించి సగం విన్నది. ఫోన్లోంచి వచ్చిన ఇందిర గొంతు మాత్రం పూర్తిగా విన్నది.

"మా మనవడికా పరీక్ష? వాడిది మా వైపు బుర్ర. ఇట్టే చెప్పేస్తాడు."

గురవమ్మకి ఒళ్ళు మండింది. ఐదేళ్ళుగా నరసరావుపేటలో వాడికి స్నానం చేయించేది, అన్నం తినిపించేది, జ్వరమొస్తే పక్కలో పడుకోబెట్టుకునేది తను. ఇందిర మూడు నెలలకోసారి ఓ జంతికల డబ్బాతో బస్సు దిగుతుంది, వీడు నాయనమ్మ చంక దిగి అటు పరిగెడతాడు. పైగా ఇందిర ముప్పై ఏళ్ళు అంగన్‌వాడీ టీచరుగా చేసిన మనిషి, తాటిచెట్టంత పొడుగు. గురవమ్మ పొట్టిగా, గుండ్రంగా ఉంటుంది. పిల్లల పెళ్ళి ఫోటోలో తను ఇందిర పట్టుకొచ్చిన చేతిసంచిలా పడ్డానని ఆవిడకి ఎనిమిదేళ్ళుగా కడుపుమంట.

మనవడు పరీక్ష తప్పితే నాయనమ్మ పెంపకం అంటారు. నెగ్గితే, పెంచింది నేనేగా అని తను అనుకోవచ్చు. గురవమ్మ దృష్టిలో పరీక్ష అంటే పరీక్షే. ఏ వీధిలో చూసినా కోచింగ్ బోర్డులే ఉన్న ఊళ్ళో, కోచింగ్ లేకుండా పిల్లవాణ్ణి పరీక్షకి కూర్చోబెట్టే తెలివితక్కువది ఎవరుంటారు? తేజని పెరట్లోకి పిలిచి చేతిలో పల్లీపట్టి పెట్టింది.

"ఎవురు ఏది చూపించి ఏది ఎక్కువని అడిగినా, రెండూ సమానమే అను. నేను చెప్పానని మాత్రం చెప్పమాక. అన్నప్పుడల్లా ఒక పల్లీపట్టి."

వాడు వెంటనే ఒప్పుకున్నాడు.

ఆదివారం తొమ్మిదింటికి జాహ్నవి పొడుగు గ్లాసులోకి సుగంధి వంచడం ఇంకా పూర్తికాకముందే తేజ రెండూ సమానమే అనేశాడు. ఆమె ఆశ్చర్యపోయింది. చపాతీ పిండితో ఒక ఉండ, ఒక పాము చేసి చూపించింది. అవీ సమానమే. కొడుకు వయసుకి రెండేళ్ళు ముందున్నాడని సంబరపడి తల్లికి ఫోన్ చేసింది. గురవమ్మ వంటింటి గుమ్మంలో నిలబడి తన పేరు ఎప్పుడొస్తుందా అని చూసింది. తన పేరు రాలేదు. మా వైపు బుర్రని నేను చెప్పలేదా అని ఇందిర మురిసిపోయి, వాణ్ణి కళ్ళారా చూడటానికి అప్పటికప్పుడు బస్సెక్కేసింది. కోచింగ్ ఒకరిది, ర్యాంకు ఇంకొకరిది అయింది. 

పన్నెండింటికి ఇందిర ఇంట్లో అడుగుపెట్టి మనవణ్ణి ఎత్తుకుని ముద్దులాడుతుండగానే, పక్కింటి హజ్రా బీ కొంగులో గోలీలు మూటగట్టుకుని వచ్చింది.

"మా షాకిర్ తొమ్మిది తీసుకుని మీవోడికి మూడే ఇచ్చాడమ్మా. ఇదేందిరా అంటే, తేజానే సమానం అన్నాడంటన్నాడు. మీవోణ్ణి ఒకసారి చూసుకోండి" అని గోలీలు గట్టు మీద పోసి వెళ్ళింది.

జాహ్నవి వాణ్ణి మళ్ళీ గ్లాసుల ముందు నిలబెట్టింది. ఒక గ్లాసు నిండా సుగంధి, ఇంకోదాంట్లో అడుగున చారెడు పోసి చూపించింది. సమానమే అన్నాడు. బకెట్టూ చెంబూ చూపించింది. అవీ సమానమే. ఆమె భర్త నవీన్ ఒక చేతి వేలు ఒకటి, రెండో చేతి వేళ్ళు ఐదు చూపించాడు. తేజ జాలిగా తండ్రి వంక చూసి అదే మాట అన్నాడు. ఒక్కో జవాబుకీ నాయనమ్మ వైపు తిరిగి వేళ్ళు మడుచుకోవడం ఎవరూ గమనించలేదు.

కళ్ళ డాక్టరుకి చూపిద్దామని నవీన్ అన్నాడు. కళ్ళు కాదు ఎదుగుదలే ఆగిందని జాహ్నవి ఏడుపు మొదలుపెట్టింది. పొద్దున రెండేళ్ళు ముందున్న కొడుకు మధ్యాహ్నానికి మూడేళ్ళు వెనక్కి పోయాడు.

ఇందిర గొంతు సవరించుకుంది. "ఇట్టాంటి పిల్లల్ని చానామందిని దారిలో పెట్టా. ఇక్కడ పట్టించుకునేవాళ్ళు లేక వాడట్టా అయ్యాడు. ఒక్క ఏడాది నా దగ్గర వదిలిపెట్టు. మాచర్ల బడిలో వేస్తా."

జాహ్నవి కళ్ళు తుడుచుకుంటూ తలూపింది. నవీన్ అటకెక్కి బ్యాగు దించాడు.

బ్యాగు కింద పడిన చప్పుడికి గురవమ్మ ప్రాణం అక్కడే పోయినట్టయింది. వాడు లేని ఇంట్లో పొద్దున్నే ఎవరి వెనక పళ్ళెం పట్టుకుని తిరగాలి? నిజం చెబితే వాడు ఉంటాడు, కానీ ఇందిర ముందు తన పరువు ఉండదు. అడకత్తెరలో పోకచెక్క అయిపోయిన మనిషికి ఒక ఉపాయం తట్టింది. ఎక్కువా తక్కువా వీడికి తెలుసని ఒక్కసారి రుజువైతే చాలు. వీడు గుడ్డిగా ఒకటే మాట చెప్పలేని ప్రశ్న ఏదైనా వేయాలి. దాని జవాబు వినాలని ఆవిడకి ఐదేళ్ళుగా ఉంది.

"తేజా, నీకు నాయనమ్మ ఎక్కువా, అమ్మమ్మ ఎక్కువా?"

"రెండూ సమానమే," అన్నాడు తేజ, అరచెయ్యి చాపాడు. "నాయనమ్మా, మొత్తం ఆరు పట్టీలు ఇవ్వాలి."

అందరూ గురవమ్మ వైపు తిరిగారు. ఆవిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"నేనే నేర్పా. మీ వైపు బుర్రంటే ఓర్వలేకపోయా వదినా. నన్ను ఏమన్నా అను, వాణ్ణి మాత్రం తీసుకపోమాక."

ఇక నిజం చెప్పినా పట్టీలు వస్తాయని ఒప్పందం కుదిరాక, జాహ్నవి మళ్ళీ గ్లాసులు పెట్టి సుగంధి వంచింది. తేజ వంగి చూశాడు.

"ఇది ఎక్కువ. పొడుగ్గా ఉందిగా."

కొడుకు తప్పు జవాబు చెప్పినందుకు జాహ్నవి వాణ్ణి గట్టిగా ముద్దుపెట్టుకుంది. వాడు ముందూ లేడు, వెనకా లేడు, సరిగ్గా ఐదేళ్ళవాడిలాగే ఉన్నాడు. బ్యాగు తిరిగి అటకెక్కింది. గురవమ్మ సుగంధి కలిపి మొదటి గ్లాసు ఇందిరకే ఇచ్చింది.

కథ ఇక్కడ ఆగితే బాగుండేది. కానీ ఇందిర గ్లాసు కింద పెట్టి, మనవణ్ణి దగ్గరికి లాక్కుంది.

"ఇప్పుడు నిజం చెప్పు కన్నా. మా ఇద్దర్లో ఎవురెక్కువ?"

తేజ ఇద్దరినీ పాదాల నుంచి నెత్తి దాకా, ఇందాక గ్లాసుల్ని చూసినట్టే చూశాడు.

"అమ్మమ్మ. పొడుగ్గా ఉందిగా."

ఇందిర ముఖం వెలిగింది. గురవమ్మ మూలనున్న ప్లాస్టిక్ కుర్చీ లాగి, కిటికీ ఊచ పట్టుకుని, అరవై రెండేళ్ళ మోకాళ్ళతో దాని మీదకి ఎక్కింది.

"ఇప్పుడు చూసి చెప్పరా."

"నాయనమ్మ," అన్నాడు తేజ, ఏ మాత్రం ఆలోచించకుండా.

ముప్పై ఏళ్ళు పిల్లలకి పాఠాలు చెప్పిన ఇందిర గది నాలుగు పక్కలా చూసింది. ఇంకో కుర్చీ ఒక్కటే ఉంది, దానిలో నవీన్ కూర్చుని ఉన్నాడు.

"కాస్త లేవండి అల్లుడుగారూ," అన్నది.

నవీన్ ఒక చేత్తో తల్లి కుర్చీ, ఒక చేత్తో అత్తగారి కుర్చీ పట్టుకుని నిలబడ్డాడు. జాహ్నవి బల్ల దగ్గర నిలబడి రికార్డు తెరిచి, పరిశీలించిన పిల్లల సంఖ్య అన్న చోట ఒకటి కొట్టేసి మూడు అని రాసింది.